ముందు భుజాలు దించు

పై గది, వీధి కిటికీ పక్కన

ఒరే మూగనోమూ,

నీ ఉత్తరం అందింది. చేత్తో రాసిన కవరు మనింటికి వచ్చి ఎన్నాళ్ళయిందో. మీ అమ్మ దాన్ని పైకి తెచ్చిచ్చే ముందు వెలుతురుకి అడ్డంపెట్టి లోపలేముందో చూడబోయిందట, తనే చెప్పింది. కవరు మందంగా ఉంది కాబట్టి బతికిపోయావు.

నాలుగు వాక్యాలు రాశావు. మూడింట్లో నా ఆరోగ్యం అడిగావు. నాలుగోది కవరు అంటించబోతూ రాసినట్టుంది, అక్షరాలు పక్కకి పడిపోయాయి. "తాతా, ఒక అమ్మాయితో మాట మొదలుపెట్టడం ఎలా?"

నేను ఆ వాక్యాన్ని గోడకి అంటిద్దామనుకున్నాను. చిన్నప్పుడు నువ్వు అద్దె ఇంటి ఓనరు వస్తే మంచం కిందకి దూరేవాడివి. మీ నాన్న కాళ్ళు పట్టి లాగేవాడు. పెద్దయ్యాక ఎవరికీ దొరక్కుండా ఏకంగా ఆకాశంలో ఉద్యోగం వెతుక్కున్నావు. అక్కడ కూడా నీకు అమ్మాయి కనపడిందంటే దేవుడికి నీ మీద నాకంటే నమ్మకం ఎక్కువ.

ఆరోగ్యం సంగతి. పక్షవాతం చుట్టంచూపుగా వచ్చింది, పోయింది. రోజూ మెట్లు దిగుతాను. సందు చివర మంగలి షాపు ముందు కూర్చుంటాను. కింది వాటాలో టైపు టీచరమ్మ లేదూ, ఆవిడకి నాలుగు జోకులు చెప్పి పైకొస్తాను. నా గురించి దిగులొద్దు. ఫోను మాత్రం చెయ్యకు. మీ అమ్మ స్పీకరు పెడుతుంది, మీ నాన్న దగ్గుతాడు, మగవాళ్ళ మాటలు ఫోన్లో నడవవు. ఉత్తరమే రాయి.

ఇప్పుడు మొదటి పాఠం. నేను చదివింది ఐదు దాకా, ఆరులో ఏముందో నాకు తెలీదు. కానీ కూరగాయల మార్కెట్లో వేలం వేసి బతికాను. వందమంది నిలబడి ఉంటే ఉల్లిపాయలు ఎవడికి కావాలో వాడు నోరు తెరవకముందే తెలుస్తుంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడని ఊరికే అన్నారా? మనిషి గుట్టంతా భుజాల్లో ఉంటుంది. భయపడ్డవాడి భుజాలు పైకెక్కుతాయి. నీవైతే పుట్టినప్పట్నించీ చెవులకి పెట్టుకున్న కమ్మల్లా ఉన్నాయి.

అందుకని ముందు భుజాలు దించు. మాట సంగతి తర్వాత.

ఎవరా పిల్ల, ఏం చేస్తుంది, నీకెంత దూరంలో ఉంటుంది? అన్నీ రాయి. సిగ్గుపడితే చింపేసి మళ్ళీ రాయి.

మీ తాత


క్రేను క్యాబిను, పైన

తాతా,

నువ్వు మెట్లు దిగుతున్నావంటే సంతోషం. నేను మాత్రం ఎక్కుతూనే ఉన్నాను.

నేనుండే చోటు నీకు చెప్పాలి. మన పాత ఇంట్లో బీరువా గుర్తుందిగా, దానికి మూడు వైపులా అద్దాలు పెట్టి, లోపల కుర్చీ వేసి, ఆకాశంలో వేలాడదీస్తే అది నా క్యాబిను. కాళ్ళ కింద కూడా అద్దమే. అందరికంటే ముందు పొద్దున్నే నిచ్చెన ఎక్కుతాను, సాయంత్రం అందరూ వెళ్ళాక దిగుతాను. మధ్యలో దిగితే మళ్ళీ ఎక్కడానికే ఓపికంతా పోతుంది, అందుకే అన్నం డబ్బా పైకే తెచ్చుకుంటా. కాంక్రీటు లారీ లేటయినప్పుడు ఇలా మోకాలి మీద పెట్టుకుని నీకు రాస్తున్నా.

ఆ అమ్మాయిది సిగ్నలు పని. నాకు కింద ఏమున్నదీ సరిగ్గా ఆనదు కాబట్టి కొక్కెం దగ్గర ఒక మనిషి నిలబడి చేతులతో చెప్పాలి. రేడియో ఇచ్చారు గానీ దాంట్లో గరగర తప్ప మనిషి గొంతు రాదు. అందుకని అంతా చేతులే. వేలు పైకి పెట్టి తిప్పితే ఎత్తమని. కిందకి తిప్పితే దించమని. చెయ్యి ఎటు చాపితే అటు తిరగమని. ఆమె నారింజరంగు గ్లవ్సు వేసుకుంటుంది. అంతకుముందు ఒకాయన ఉండేవాడు, ఈగలు తోలుతున్నట్టు ఊపేవాడు. ఈమెది అలా కాదు. నెమ్మదిగా దించమని చెప్పేటప్పుడు చంటిపిల్లని పడుకోబెడుతున్నట్టు చెబుతుంది. ఆమె చెయ్యి కదిలేలోపే నాకు తెలిసిపోతుంది. ఇన్ని నెలల్లో ఒక్కసారి కూడా మేమిద్దరం తప్పు పోలేదు.

అంత బాగా అర్థమయ్యే మనిషితో నేలమీద ఒక్క మాట లేదు. నేను దిగేసరికి పనివాళ్ళ బస్సు వెళ్ళిపోతుంది. గేటు దగ్గర ఎవరైనా మిగిలినా నేను తల దించుకుని నడుస్తాను. బెల్లం కొట్టిన రాయినని నువ్వు అనేవాడివి, గుర్తుంది.

ఇంకో సంగతి. పై అంతస్తు శ్లాబు పడగానే ఈ క్రేనుని విప్పేస్తారు. ఆమెని ఒక సైటుకి, నన్ను ఇంకో సైటుకి పంపుతారు. వానలు తగ్గాక అన్నారు. అంతకంటే టైము లేదు.

భుజాలు దించి చూశాను. మెడ నొప్పి పుట్టింది.

నీ మనవడు


పై గది, వీధి కిటికీ పక్కన

ఒరే ఆకాశవీధీ,

మెడ నొప్పి పుట్టిందంటే పాఠం పనిచేస్తోందన్నమాట. ఇన్నాళ్ళ తుప్పు ఊరికే వదుల్తుందా?

నీ ఉత్తరం చదువుకుని చాలాసేపు నవ్వుకున్నాను. రోజంతా ఆ పిల్ల వేలు చూపిస్తే నువ్వు తిరుగుతున్నావు. పెళ్ళయి ముప్పై ఏళ్ళయినా మీ నాన్నకి ఇంకా పట్టుబడని విద్య నీకు ముందే వచ్చేసింది. ఇక మాటొక్కటే తక్కువ.

శ్రద్ధగా విను. చేతులు. జేబులో పెట్టుకుంటే ఏదో దాస్తున్నావనుకుంటారు. వెనక్కి కట్టుకుంటే పోలీసువాడివి. పొట్ట ముందు కట్టుకుంటే చావుకొచ్చినవాడివి. మరేం చెయ్యాలీ అంటావు. చేతిలో ఏదైనా పట్టుకో. హెల్మెట్ పట్టుకో. పట్టుకున్న చెయ్యికి పని ఉంటుంది, అది వణకదు.

చూపు. కళ్ళలోకి చూడమని సినిమాల్లో చెబుతారు. అలా గుచ్చి చూస్తే అప్పులవాడు వచ్చాడనుకుంటుంది. ఒకసారి చూడు, నవ్వు, పక్కకి చూడు, మళ్ళీ చూడు. పాలు పొంగుతున్నాయో లేదో చూసినట్టు.

ఎదురుగా అడ్డం నిలబడకు. కాస్త పక్కకి నిలబడు, ఆమెకి పోవాలనిపిస్తే పోయే దారుండాలి. దారి ఉన్నవాళ్ళే ఆగుతారు. ఇది మార్కెట్లో నేర్చుకున్నా. తలుపులు మూసి వేలం వేస్తే ఎవడూ పాడడు.

ఇక నవ్వు. నోటితో నవ్వితే లాభం లేదు, కళ్ళ చివర్లు ముడతలు పడాలి. నిన్న టైపు టీచరమ్మ మీద పరీక్షించాను. మెట్ల దగ్గర నిలబడి, చేతిలో సంచీ పట్టుకుని, భుజాలు దించి, ఒక నవ్వు నవ్వాను. ఆవిడ గ్యాసు మీద కూర మర్చిపోయింది. ఈ వయసులో నాకే ఇలా ఉంటే నీకేం తక్కువరా?

మొదటి మాట గొప్పగా ఉండక్కర్లేదు. ఆమె పని గురించి అడుగు. తన పని గురించి అడిగితే రాయి కూడా మాట్లాడుతుంది.

వెళ్ళు. మాట్లాడి రాయి. మాట్లాడకుండా రాయకు.

మీ తాత


క్రేను క్యాబిను, పైన

తాతా,

మాట్లాడాను.

నువ్వు చెప్పినట్టే భుజాలు దించాను, హెల్మెట్ చేతిలో పట్టుకున్నాను, పక్కకి నిలబడ్డాను. "మీ సిగ్నలు చాలా బాగుంటుందండీ" అన్నాను. ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. చాలాసేపు మాట్లాడుకున్నాం. వాళ్ళ ఇంటి సంగతులు చెప్పింది. మనింటి సంగతులు అడిగింది. నీ గురించి చెబితే ఒకసారి చూడాలంది. ఎండకి కమిలిన నీలం చెప్పులు వేసుకుంది. రేపు కూడా మాట్లాడదామంది.

నీ పాఠాలు బ్రహ్మాండంగా పనిచేశాయి.

నీ మనవడు


పై గది, వీధి కిటికీ పక్కన

ఒరే,

వేలంలో దొంగపాట పాడేవాడు ఒకడుంటాడు. సరుకు కొనడు, ఊరికే ధర పెంచుతాడు. వాణ్ణి ఎలా పట్టుకుంటామో తెలుసా? వాడికి దేనికీ సందేహం ఉండదు. నిజంగా కొనేవాడు తడబడతాడు, మధ్యలో నీళ్ళు తాగుతాడు, చెమట తుడుచుకుంటాడు. దొంగపాటగాడు గడగడా పాడేస్తాడు.

నీ ఉత్తరంలో ఒక్క తడబాటు లేదు. మంచం కింద దూరే నా మనవడు ఆడపిల్లతో "చాలాసేపు" మాట్లాడాడట, ఒక్క చెమటచుక్క కూడా పట్టలేదట. సరే, నమ్ముదామనుకున్నాను. కానీ ఆమె చెప్పులు రాశావు. చెప్పులకి ఎండ తగిలిందని కూడా రాశావు. మొహం రాయలేదేం? ముక్కు ఎలా ఉంది? గొంతు సన్నమా, బొంగురా? పేరేంటి? చెప్పులు పైనుంచి కూడా కనపడతాయిరా.

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగితే తాత చూడడనుకున్నావా?

కోప్పడను. అసలేం జరిగిందో రాయి.

మీ తాత


క్రేను క్యాబిను, పైన

తాతా,

చెప్పులు కూడా అబద్ధమే. ఇక్కడ అందరూ బూట్లే వేసుకోవాలి.

నేనెప్పుడూ ఆమె మొహం చూడలేదు. నీకు చెప్పడానికి సిగ్గేసింది. పైనుంచి నాకు కనపడేది పసుపు హెల్మెటు, రెండు భుజాలు, రెండు గ్లవ్సులు. అంతే. అంతస్తు లేచిన కొద్దీ నా క్రేనూ లేస్తుంది, ఆమె ఇంకా చిన్నదవుతుంది. మొదట్లో అరచెయ్యంత ఉండేది, ఇప్పుడు వేలి గోరంత ఉంది. గొంతు అసలు వినలేదు. నాకు తెలిసింది ఆ చేతులే. ఇలాంటి మనిషి గురించి మెడ నొప్పి పుట్టేలా భుజాలు దించుతున్నానని ఎవరికి చెప్పుకోను?

నీ ఉత్తరం చదివాక రోషం వచ్చింది. కాంక్రీటు రావడం లేటని తెలిసి పని అయ్యే వేళకి గబగబా దిగేశాను. జనం ఇంకా గేటు దగ్గరే ఉన్నారు. కానీ హెల్మెట్లు తీసేశారు, పైన వేసుకునే పని కోట్లు తీసేశారు. అందరూ మామూలు మనుషులైపోయారు. ఎవరు ఎవరో ఒక్కరు తెలిస్తే ఒట్టు. ఒకామె కాస్త దూరంగా నిలబడి ఉంది, ఎత్తూ, నిలబడే తీరూ సరిపోయినట్టు అనిపించింది. వెళ్ళాను. నువ్వు చెప్పినవన్నీ చేశాను తాతా, ఈసారి నిజంగా. భుజాలు, హెల్మెటు, పక్కకి నిలబడడం, పాలు పొంగే చూపు. నీళ్ళు కూడా మింగాను. ఆమె పని గురించి అడగాలి కదా.

"రోజంతా పైనుంచి మీ చేతులే చూస్తుంటానండీ" అన్నాను.

ఆవిడ సేఫ్టీ ఆఫీసరు.

"నా చేతులా? నేను ఆఫీసు గదిలో కదా కూర్చుంటాను. మీరెవరు?" అంది.

"క్రేను ఆపరేటర్నండీ. మీరు సిగ్నలు..."

"సిగ్నలు ఇచ్చేది ఎవరో కూడా మీకు కనపడటం లేదా పైనుంచి?"

చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. వాళ్ళలో ఆమె కూడా ఉండే ఉంటుంది. ఎవరో తెలీదు. మర్నాడు నన్ను కళ్ళ పరీక్షకి పంపారు. అది తేలేదాకా క్యాబిను ఎక్కొద్దన్నారు. కింద ఇసుక కుప్ప పక్కన స్టూలు మీద కూర్చున్నాను. ఆ రోజు ఆమెకీ పని లేదని వేరే చోటికి పంపారట. చివరికి నా కళ్ళు గద్ద కళ్ళని డాక్టరు రాసిచ్చాడు. మళ్ళీ ఎక్కాను. పొద్దున్నే ఆమె మొదటి సిగ్నలు ఇవ్వబోయి ఆగింది. ఆమె భుజాలు ఊగాయి. నవ్విందో, దగ్గిందో పైనుంచి తెలీదు. ఆ రోజంతా అద్దంలోంచి కిందకి చూడడానికి మొహం చెల్లలేదు. కానీ చూడకపోతే బరువు ఎవరి నెత్తిన పడుతుందో. చూడక తప్పదు. కనపడక తప్పదు. దిగే దారి లేదు.

ఇప్పుడు నీ వంతు. ఆదివారం అమ్మకి ఫోను చేశాను. టైపు టీచరమ్మ ఎలా ఉందని అడిగాను. ఆవిడ ఇల్లు ఖాళీ చేసి ఏడాది దాటిందట. మంగలి నీకోసం ఇంటికే వస్తున్నాడట. ఆసుపత్రి నుంచి వచ్చాక నువ్వు ఆ గది గుమ్మం దాటలేదట. కంచం కూడా తలుపు దగ్గర పెట్టి వెళ్ళమంటున్నావట. అమ్మ ఏడ్చింది.

మెట్ల దగ్గర ఎవరికి నవ్వావు తాతా?

ఒక షరతు. నువ్వు మెట్లు దిగిన రోజు నేను ఆమెతో మాట్లాడతాను. నువ్వు దిగకపోతే నేనూ దిగను.

నీ మనవడు


పై గది

చిరంజీవికి,

ఉత్తరం చేరింది.

నాకు షరతులు పెట్టేంత పెద్దవాడివయ్యావని తెలిసింది.

నీకు తెలుసుకోవాలనుంది కాబట్టి చెబుతున్నాను. నా మొహం ఎడమ వైపు జారిపోయింది. కన్ను పూర్తిగా మూత పడదు. నోటి చివర్నుంచి చొంగ కారుతుంది, కారుతున్నట్టు నాకు తెలీదు. ఎదుటివాడు నా గడ్డం వైపు చూస్తే అప్పుడు తువ్వాలు తీస్తాను. నవ్వితే సగం నవ్వుతుంది, సగం ఏడుస్తుంది. మాట ముద్దగా వస్తుంది. ఫోను వద్దన్నది అందుకు, మీ అమ్మ స్పీకరు పెడుతుందని కాదు.

ఆసుపత్రి నుంచి వచ్చిన కొత్తలో మార్కెట్టు వాళ్ళు నలుగురు చూడటానికి వచ్చారు. నాతోపాటు ఎన్నో ఏళ్ళు తిన్నవాళ్ళు, తిట్టుకున్నవాళ్ళు. నేను జోకు వేశాను. ఎవరికీ అర్థం కాలేదు. ఒకడు మీ అమ్మ వైపు తిరిగి "ఏమంటున్నాడమ్మా?" అని అడిగాడు. ఇంకొకడు నా చెవి దగ్గర గట్టిగా అరిచాడు, నాకు చెవుడు వచ్చినట్టు. తర్వాత నా ఎదురుగానే నా గురించి మాట్లాడుకున్నారు. నేను అక్కడే ఉన్నాను. మంచం మీద సామాను ఉన్నట్టు ఉన్నాను.

వాళ్ళు వెళ్ళాక అద్దం మీద దుప్పటి కప్పాను.

కాగితం మీద నా మాట ముద్దగా రాదు. నా మొహం కనపడదు. అందుకని నీకు పాఠాలు చెప్పాను. నీకు నచ్చకపోతే చదవకు.

నీ గాజుపెట్టెలో నువ్వుండు. నా గదిలో నేనుంటాను.

మీ తాత


నేల మీద, పనివాళ్ళ షెడ్డు

తాతా,

షరతు తీసేస్తున్నాను. అది పెట్టకుండా ఉండాల్సింది. నీ ఉత్తరం పైకి తీసుకెళ్ళి చదువుకున్నాను. కాసేపు కొక్కెం ఖాళీగా వేలాడింది, కింద ఫోర్‌మ్యాను అరిచి ఉంటాడు, నాకు వినపడలేదు.

ఇక జరిగింది చెబుతాను. తడబాట్లు అన్నీ ఉంచే చెబుతాను.

ఉదయం పని మొదలైన కాసేపటికే గాలి లేచింది. ముందు చెప్పకుండా వచ్చింది. గాలి ఎక్కువైతే మేము బ్రేకు వదిలేయాలి. క్రేను చేతిని గాలి ఎటు తోస్తే అటు తిరగనివ్వాలి. పట్టి ఆపాలని చూస్తే మొత్తం కూలుతుంది. వదిలేశాను. క్యాబినుతో సహా నేను గిరగిరా తిరుగుతున్నాను, ఒకసారి ఊరు కనపడుతుంది, ఒకసారి మబ్బు కనపడుతుంది. నిచ్చెన మీద కాలు పెట్టే పరిస్థితి లేదు. కిందవాళ్ళని అందర్నీ పంపేశారు. సైటు ఖాళీ అయిపోయింది. నేను, గాలి.

తిరిగినప్పుడల్లా అద్దంలోంచి ఒక పసుపు చుక్క కనపడుతోంది. కదలడం లేదు. ప్రతి చుట్టుకీ ఒకసారి చూస్తున్నాను, అక్కడే ఉంది. సిగ్నలు ఏమీ ఇవ్వడం లేదు, ఇచ్చినా నేను చెయ్యగలిగింది లేదు. ఊరికే నిలబడి ఉంది.

మధ్యాహ్నానికి గాలి తగ్గింది. దిగాను. ఎలా దిగానో తెలీదు. చివరి మెట్టు దిగాక మట్టిలోనే కూలబడ్డాను. నా ఎదురుగా బూట్లు. నారింజరంగు గ్లవ్సులు. ఈసారి తప్పు పోయే అవకాశం లేదు, అక్కడ ఇంకెవరూ లేరు.

తాతా, నా భుజాలు చెవుల దగ్గరే ఉన్నాయి. చేతులు రెండూ మోకాళ్ళ మధ్య దూర్చుకున్నాను. హెల్మెటు ఎటో దొర్లిపోయింది. నువ్వు చెప్పింది ఒక్కటీ చెయ్యలేదు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

"మిమ్మల్ని ఉండమన్నారా?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"ఎవరూ అన్లేదు. పైన మనిషి ఉండగా కింద మనిషి ఎలా వెళ్తుంది?"

"రూల్లో ఉందా అలాగని?"

"ఏమో. చదవలేదు."

ఆమె గొంతు బొంగురు. ముక్కు చిన్నది. హెల్మెటు పట్టీ ఉన్నచోట తెల్లగా, మిగతా అంతా ఎండకి నల్లగా, మొహానికి అంచు కుట్టినట్టు ఉంది. ముందు పన్ను ఒకటి చివర విరిగింది. నన్ను కిందికీ పైకీ చూసింది.

"మీరు చాలా పొడుగనుకున్నాను" అంది.

"కూర్చుని ఉన్నాను కదండీ."

"లేవండి చూద్దాం."

క్రేను పట్టుకుని లేచాను.

"ఊఁ. లేచినా అంతే" అంది.

నాకు నవ్వొచ్చింది. నవ్వుతుంటే వణుకు ఇంకా ఎక్కువైంది. తను మంచినీళ్ళ సీసా మూత తీసి ఇచ్చింది. సగం చొక్కా మీద పోసుకున్నాను.

"చేతులు చూస్తారట కదా రోజంతా" అంది. "ఆ మాట నాకు చెప్పాల్సింది. ఆవిడకి చెప్పి కళ్ళ పరీక్ష చేయించుకున్నారట."

"మీరెవరో తెలీలేదండీ."

"నాకూ తెలీదు మీరెవరో. అద్దం వెనకాల ఒక నీడ ఉంటుంది. నేను ఆపమంటే ఆగుతుంది. మా ఇంట్లో ఎవరూ ఆగరు." గ్లవ్సులు విప్పుతూ, "గేటు దగ్గర ఒకాయన అప్పుడప్పుడు తల దించుకుని పోతుంటే గుమాస్తా అనుకునేదాన్ని" అంది.

ఇద్దరం ఆ మట్టిలోనే కూర్చున్నాం. ఏం మాట్లాడుకున్నామో వరసగా చెప్పలేను. మధ్యమధ్యలో మాటలు అయిపోయాయి. అయిపోయినప్పుడు నేను పైకి చూశాను, తను కూడా పైకి చూసింది. ఖాళీ క్యాబిను. అంత చిన్నదా అది, అనిపించింది.

శ్లాబు రేపో మాపో అయిపోతుంది. క్రేను విప్పడానికి మనుషులు వచ్చేశారు. ఆమెకి వేరే సైటు చెప్పారు, నాకింకా ఏదీ చెప్పలేదు. వచ్చే ఆదివారం బస్టాండు పక్కన టీ కొట్లో కలుద్దామని ఎవరన్నారో, నేనో తనో, ఇద్దరం ఒకేసారి అన్నామో. మాట మాత్రం ఖాయమైంది.

ఇప్పుడు భయం మళ్ళీ మొదలైంది. క్రేను ఉండదు, గాలి ఉండదు. రెండు కుర్చీలు, ఒక బల్ల. ఎదురుగా ఆమె మొహం. పాఠం పంపు తాతా. నువ్వు గదిలోంచి రాయి, కిటికీలోంచి రాయి, ఎక్కణ్ణించి రాసినా సరే. నీ మాట ముద్దగా వచ్చినా నాకు అర్థమవుతుంది. ఫోను చేస్తే ఎత్తు. జోకు అర్థం కాకపోతే మళ్ళీ అడుగుతాను, అర్థమయ్యేదాకా అడుగుతాను. అమ్మని మాత్రం అడగను.

నీ మనవడు


కింద, మెట్ల మొదట్లో

ఒరే పొట్టోడా,

ఆదివారానికి పాఠం లేదు. సరుకు అయిపోయింది, కొట్టు కట్టేశాం. అసలు నా పాఠాలన్నీ తలకిందులుగా చేసి మట్టిలో కూలబడితేనే నీకు పని జరిగింది. ఇంక నన్నేం అడుగుతావు?

ఉత్తరం పైన రాసిన చోటు చూశావుగా. ఇవాళ పొద్దున దిగాను. నీ షరతుకి కాదు. నువ్వు దాన్ని తీసేశావు కాబట్టి దిగాను, ఉండగా దిగితే నా పరువేం కాను.

ఎలా దిగానంటే, కూర్చుని. ఒక్కో మెట్టు మీద కూర్చుంటూ, పిల్లలు జారినట్టు. ఎడమ కాలు రానంది, దాన్ని చేత్తో పట్టుకుని తెచ్చుకున్నాను. మీ అమ్మ వెనకాల వచ్చింది. "పట్టుకోనా నాన్నా?" అంది. పట్టుకున్నావంటే ఇక్కడే పడుకుంటానన్నాను. అర్థమైనట్టే ఉంది, చెయ్యి వెనక్కి తీసుకుంది. పైమెట్టు మీద నిలబడి ఊడుస్తున్నట్టు నటించింది. చీపురు తిరగేసి పట్టుకుంది.

కిందకి చేరాక తెలిసింది. దిగడం వచ్చింది గానీ ఎక్కడం నావల్ల కాదు. మీ అమ్మ ఒక్కతీ ఎత్తలేదు. మీ నాన్న సాయంత్రం పని నుంచి రావాలి. అందాకా ఇక్కడే. కాగితం, పెన్ను, తువ్వాలు, మంచినీళ్ళు తెచ్చి పెట్టింది. గది దాటనివాడు గది దాటితే ఏమవుతుందో చూడు, ఇంకో చోట ఇరుక్కుంటాడు.

మొదట నీళ్ళ క్యానులు మోసేవాడు వచ్చాడు. నన్ను చూసి, మొహం చూసి, గబుక్కున గోడ వైపు చూశాడు. గోడ మీద ఏముంది, సున్నం. "ఏం బాబూ, క్యాను బరువా?" అన్నాను. వాడికి అర్థం కాలేదు. ఇంకోసారి అన్నాను. "ఆఁ?" అన్నాడు. మూడోసారికి నాకే చెమట పట్టింది. నిజంగా కొనేవాడిలా తడబడ్డాను. వాడు క్యాను కిందపెట్టి, వంగి, చెవి నా నోటి దగ్గర పెట్టాడు. నాలుగోసారి అన్నాను. "బరువే తాతా, నడుం పోతోంది" అన్నాడు. "నాది ముందే పోయింది, నీది కూడా తెచ్చి ఇక్కడ పెట్టు, కలిపి వేలం వేద్దాం" అన్నాను. ఇది ఎన్నిసార్లు చెప్పాల్సి వచ్చిందో అడక్కు. అర్థమయ్యాక నవ్వాడు. మొహమాటం నవ్వు కాదు, ఆ తేడా నాకు తెలుసు. వెళ్ళేటప్పుడు నా గడ్డం వైపు వేలు చూపించి "తాతా, కారుతోంది" అన్నాడు, ముక్కు మీద మసి ఉందని చెప్పినంత మామూలుగా. తుడుచుకున్నాను.

తర్వాత రెండో వాటా కొత్త కోడలు దిగింది. నన్ను చూసి వెనక్కి పైకి వెళ్ళిపోయింది. అది కూడా రాయాలి కదా, లేకపోతే దొంగపాట అవుతుంది. కాస్త మనసు చివుక్కుమంది. చాలాసేపు పెన్ను పట్టుకోలేదు. పైకి పోదామనిపించింది. పోయే దారి లేదుగా.

నీ ఆ బొంగురుగొంతు పిల్లకి ఆదివారం ఏం చెప్పాలనిపిస్తే అది చెప్పు. నాకేమీ రాయక్కర్లేదు. ఆ రాత్రి ఫోను చెయ్యి. ఎత్తుతాను. మీ అమ్మ స్పీకరు పెట్టుకుంటే పెట్టుకోనీ, మీ నాన్న దగ్గుకుంటే దగ్గుకోనీ. ఒక్క మాట నాలుగుసార్లు చెప్పే ఓపిక ఇవాళే వచ్చింది, రేపటికి ఉంటుందో లేదో.

నేను మెట్లకి అడ్డంగా కూర్చున్నాను, కావాలని కాదు, కాలు అటే ఉండిపోయింది. ఈ బిల్డింగులో ఎవరు పైకెళ్ళాలన్నా కిందకి రావాలన్నా నన్ను దాటాలి. నా మొహం చూడాలి, నేనన్నది అర్థమయ్యేదాకా నిలబడాలి. ఇన్నాళ్ళూ నేను ఇరుక్కున్నాను, సాయంత్రం దాకా వాళ్ళ వంతు.

ఉంటాను. పైన మళ్ళీ తలుపు తీసిన చప్పుడైంది. ఆ కొత్త కోడలే, గాజుల చప్పుడు. ఎంతసేపని పైన కూర్చుంటుంది పాపం. దిగుతోంది.

మీ తాత